కరెంటు స్తంభాల మీద ఫైబర్ పర్మిషన్ల లెక్కకి క్యూఫీల్డ్ యాప్: అనంతపురంలో వాడి రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, కరెంటు స్తంభం మీద ఫైబర్ కట్టుకోడానికి పర్మిషన్ తెచ్చిపెట్టే యాప్ కాదిది. అలాంటిది ఎక్కడన్నా ఉంటే నాకూ చెప్పండి, డబ్బులిచ్చి మరీ కొంటా. క్యూఫీల్డ్ చేసే పని వేరే. ఏ స్తంభం ఎక్కడుంది, దాని మీద ఇప్పటికే ఎవరెవరి వైర్లున్నాయి, మన అప్లికేషన్లో అది ఉందా లేదా, ఉంటే ఫైలు ఎక్కడ ఆగింది, అద్దె ఎప్పటిదాకా కట్టాం, ఇవన్నీ మ్యాప్ మీద ఒక్కో స్తంభానికీ విడివిడిగా రాసిపెట్టుకోవచ్చు. ఫోన్లో ఫ్రీగా దొరుకుతుంది. అయిదుకి నాలుగు మార్కులు వేస్తా. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందో కింద వస్తుంది.

మాది అనంతపురం టౌన్లో కేబుల్ టీవీతో మొదలై ఇప్పుడు ఎక్కువగా ఇంటర్నెట్ మీద నడుస్తున్న చిన్న వ్యాపారం. లైసెన్సున్న ఒక కంపెనీ కింద ఫ్రాంచైజీ. కరెంటు ఆఫీసుకి అప్లికేషన్ వాళ్ల లెటర్‌హెడ్ మీద పోతుంది. సర్వే, డ్రాయింగు, ఆఫీసు చుట్టూ తిరగడం, కేబుల్ లాగడం, తెగితే అతికించడం మాత్రం మా నెత్తిన. ఇన్నాళ్లూ ఈ లెక్కంతా ఎక్సెల్లో ఉండేది, మీలో చాలామందికి ఇప్పటికీ అంతే అనుకుంటా. సప్తగిరి సర్కిల్ నుంచి ఫలానా చోటికి, ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని స్తంభాలు, అప్లికేషన్ తేదీ, రిమార్క్స్. ఒక రూటుకి ఒక వరస. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ తంటా వచ్చేదెప్పుడూ రూటు మొత్తానికి కాదు, అందులో ఏదో ఒక స్తంభం దగ్గర. 70 స్తంభాలు రాసి పంపితే అందులో నాలుగైదు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నవి తేలతాయి, వాటికి కట్టొద్దంటారు. రెండు పక్కకి ఒరిగి ఉంటాయి. ఒకటి రోడ్డు వెడల్పులో పీకేసి ఉంటుంది. అప్పుడు ఫైలు మొత్తం వెనక్కొస్తుంది, ఏ స్తంభం గురించి వచ్చిందో ఎక్సెల్లో వెతికితే దొరకదు. స్తంభానికో వరస పెట్టి చూడండి, మీకే తేడా తెలుస్తుంది. క్యూఫీల్డ్‌లో నాకు నచ్చిన మొదటి సంగతి, స్తంభం అనే చుక్క పెట్టకుండా అందులో ఏదీ రాయలేకుండా ఫారం తయారు చేసుకోవచ్చు, కుర్రాళ్లు ఎగ్గొడదామన్నా కుదరదు.

బయటివాళ్లకి ఇదంతా ఎందుకో అర్థం కాదు. స్తంభం అంత పొడుగుంది కదా, వేలెడంత లావు కూడా లేని వైరు కడితే ఏం పోయింది అంటారు. లెక్క వేసి చూడండి. వీధుల్లో ఎల్‌టీ లైనుకి (ఇళ్లకి కరెంటిచ్చే తక్కువ వోల్టేజీ లైను) ఎక్కువగా కనిపించేది 8 మీటర్ల పీఎస్‌సీసీ, అంటే సిమెంటు స్తంభం. అందులో ఆరో వంతు దాకా భూమిలోకి పోతుంది, పైన మిగిలేది ఆరున్నర మీటర్ల పైచిలుకు. దాని తల దగ్గర ఒకదాని కింద ఒకటి ఫేజులు, వీధి దీపం వైరు, న్యూట్రల్. కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనల ప్రకారం ఎల్‌టీ వైరు వీధి పొడవునా పోయేచోట నేల నుంచి 5.5 మీటర్ల కంటే, వీధిని అడ్డంగా దాటేచోట 5.8 మీటర్ల కంటే కిందికి రాకూడదు. మన ఫైబర్ ఆ కరెంటు వైర్ల కింద, మన కుర్రాడు నిచ్చెనెక్కి పని చేసినా చెయ్యి వాటి దరిదాపుల్లోకి పోనంత ఎడంలో ఉండాలి. ఇటు చూస్తే కింద పోయే శెనక్కాయ కట్టె ట్రాక్టరుకి తగలకూడదు, ఆ లోడు ఎంత ఎత్తు పేరుస్తారో ఈ జిల్లా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వినాయక నిమజ్జనం నాడు పొడుగాటి కర్రలతో వైర్లు ఎత్తిపట్టుకుని విగ్రహాన్ని దాటించే పిల్లల్ని చూసే ఉంటారు, వాళ్లు ఎత్తేవి చాలాసార్లు మన కేబుళ్లే.

మొత్తమ్మీద మిగిలేది మీటరు జాగా, కొన్నిచోట్ల అదీ ఉండదు. అందులోనే పాత కేబుల్ టీవీ కోయాక్స్ వైరు, 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ లైను (అది రాష్ట్రమంతా ప్రధానంగా కరెంటు స్తంభాల మీదే పోయింది), ఇంకో ఇద్దరి నెట్ కేబుళ్లు, ఎవరిదో ఎవరికీ తెలియని ఒక చచ్చిన వైరు. పైగా 8 మీటర్ల స్తంభం సాధారణంగా తల దగ్గర 140 కిలోల లాగుడికి తట్టుకునేలా తయారైంది, 11 కేవీ (ఎక్కువ వోల్టేజీ) లైన్లకి వేసే 9.1 మీటర్లది 280 కిలోలకి. ఫైబర్ బరువు ఏమంత ఉండదు, కానీ మలుపు స్తంభానికి స్టే వైరు (ఒరగకుండా నేలకి లాగి కట్టే తీగ) లేకుండా అందరూ ఒకే పక్కకి లాగి కట్టి, పైన చుట్టలు చుట్టలుగా స్పేర్ కేబుల్ వేలాడదీస్తే, ఉరవకొండ, వజ్రకరూరు వైపు ఆషాఢం గాలికి ఆ స్తంభం గతి ఏమవుతుందో ఊహించండి. అటు గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా.

కాబట్టి స్తంభం దగ్గర నిలబడి చూసి రాసుకున్నదే అసలు సరుకు. దీనికోసమే తయారైన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, డెమోలు చూశా. బాగుంటాయి గానీ అన్నీ అమెరికా కోసం చేసినవి. అక్కడ 1978 నుంచే స్తంభాల మీద కేబుళ్లు కట్టుకోడానికి చట్టం ఉంది, కరెంటుకీ కమ్యూనికేషన్ వైర్లకీ మధ్య 40 అంగుళాల ఖాళీ వదలాలనే లెక్క ఉంది. కొత్తవాళ్లు వస్తే పాతవాళ్ల వైర్లు జరిపి చోటు చేసే పనికి గడువులున్నాయి, 2018లో ఆ జరిపే పనంతా ఒకే కాంట్రాక్టరుతో ఒకేసారి చేయించుకునే వీలు కూడా కల్పించారు. ఆ సాఫ్ట్‌వేర్లలో ప్రతి బటనూ దాని చుట్టూనే తిరుగుతుంది. చెక్క స్తంభాల జాబితాలో మన సిమెంటు స్తంభాన్ని ఎక్కడ పెట్టాలి? 8 మీటర్ల దాంట్లో 40 అంగుళాలు వదిలితే మనకి మిగిలేదేంటి? డాలర్లలో రేటు వినగానే నేను ఆ దారి వదిలేశా.

క్యూఫీల్డ్ అలా కాదు, ఖాళీ పలక. స్విట్జర్లాండ్‌లోని ఓపెన్‌జీఐఎస్ డాట్ సీహెచ్ వాళ్లు తయారు చేసింది, ఓపెన్ సోర్స్. ఆఫీసులో కంప్యూటర్లో క్యూజీఐఎస్ అని ఇంకో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉండాలి. మ్యాపు, ఫారాలు అన్నీ అందులో తయారు చేసి, ఫోన్లోకి పంపించుకుని, ఫీల్డులో నింపుకొచ్చి మళ్లీ కలిపేయడం. స్తంభాలకి మ్యాప్ మీద ఒక లేయరు (పొర), అప్లికేషన్లకి ఒక టేబులు, రెండిటికీ లింకు. ఒక అప్లికేషన్ నొక్కితే అందులోని స్తంభాలన్నీ కనపడతాయి. స్తంభం నొక్కితే దాని చరిత్ర మొత్తం వస్తుంది. రంగులు మనిష్టం. మేం సర్వే అయినవాటికి బూడిద, ఫైలు పెట్టినవాటికి పసుపు, డబ్బు కట్టమని నోటీసు వచ్చినవాటికి నారింజ, పర్మిషన్ వచ్చినవాటికి పచ్చ, కుదరదన్నవాటికి ఎరుపు పెట్టాం. పొద్దున్నే మ్యాప్ తెరిస్తే ఎక్కడ పని ఆగిందో కంటికి తెలిసిపోతుంది. పచ్చ చుక్కల మధ్యలో రెండు ఎర్రవి కనిపిస్తే అక్కడ మన సొంత స్తంభం పాతాలా, లేక రోడ్డు అవతలికి దాటించాలా అని అక్కడికక్కడే మాట్లాడుకోవచ్చు.

ఫారం గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే యాప్ మంచిచెడ్డలు సగం దీనిమీదే ఉన్నాయి. స్తంభం రకం డ్రాప్‌డౌన్‌లో: 8 మీటర్ల సిమెంటు, 9.1 మీటర్ల సిమెంటు, ఇనుప జాయిస్టు, గొట్టం. తర్వాత ఏ లైను, ఎల్‌టీ నా 11 కేవీ నా రెండూనా. అన్నిటికంటే కిందున్న కరెంటు వైరు ఎత్తు. స్టే ఉందా. ట్రాన్స్‌ఫార్మర్ ఉందా, ఉంటే కింది గడులన్నీ మూసుకుపోతాయి, అలా కండిషన్ పెట్టుకోవచ్చు. ఇప్పటికే ఉన్న కేబుళ్లు ఎన్ని, ఎవరివి. రోడ్డు దాటుతుందా. ఫోటోలు కనీసం రెండు, నిలువునా ఒకటి, కేబుళ్ల దగ్గరికి జూమ్ చేసి ఒకటి, ఫోటో లేకపోతే సేవ్ కాదు. తేదీ, సమయం దానంతటదే పడుతుంది. గడుల పేర్లన్నీ తెలుగులో పెట్టాం, ఏ ఇబ్బందీ లేదు. ఎత్తు కొలిచే కర్ర మాత్రం ఫైబర్‌గ్లాస్‌దే కొనండి. డబ్బులు మిగుల్తాయని అల్యూమినియం రాడ్డు పట్టుకుని కరెంటు వైర్ల కిందికి పంపితే అది సర్వే కాదు, హత్యాప్రయత్నం.

తాడిపత్రి రోడ్డులో ఒక మలుపు స్తంభం కింద మా కుర్రాడు ఫారం నింపుతుంటే నేనూ పక్కనే ఉన్నా. ఎండకి స్క్రీను సరిగ్గా కనపడక చొక్కా కింద దూర్చి చూస్తున్నాడు. అటుగా పోతున్న లైన్‌మన్ బండాపి, "ఏమప్పా, దీనికి ఇంకోటి కడతావా? యాడుంది సందు?" అన్నాడు. నిజంగానే లేదు. ఏడు కేబుళ్లు, అందులో రెండు తెగి చుట్ట చుట్టి కట్టేసినవి. "అన్నా, ఆ రెండూ ఎవరివో తెలుసా?" అనడిగితే ఒకటి ఫలానావాళ్లదని, వాళ్లు వ్యాపారం మూసేసి చాన్నాళ్లయిందని చెప్పాడు. కుర్రాడు అక్కడే నిలబడి 'చచ్చినవి 2, తీసేయొచ్చు' అని రాసి ఫోటో కొట్టాడు. ఆ ఒక్క ముక్క తర్వాత ఆ స్తంభానికి దారి తీసింది. పాతవి తీసేసి మాది కడతామని ఫోటోతో సహా అప్లికేషన్లో రాశాం. ఎక్సెల్లో ఈ సంగతి ఏ గడిలో రాసేవాళ్లం? ఫోన్లో ఏ వాట్సాప్ గ్రూపు కిందనో పడి ఉండేది.

ఫోటోకి తేదీ ఉండటం ఇంకోచోట కూడా పనికొచ్చింది. మా లైను తర్వాత వచ్చిన ఒక ఆపరేటర్, పేరెందుకులెండి, ఓ వీధిలో మా కేబుల్ క్లాంపులకే వాళ్లది కట్టేసి, మేమే వాళ్ల జాగాలోకి ఎక్కామని గొడవకొచ్చారు. ఒక్కో స్తంభం తెరిచి, వాళ్లు రాకముందటి ఫోటో, మా క్లాంపు, తేదీ చూపించేసరికి పెద్దమనుషుల పంచాయితీ టీ తాగడంతోనే అయిపోయింది.

సిగ్నల్ లేనిచోట పని చేయడం దీని పెద్ద బలం. మ్యాపు, ఫారాలు అన్నీ ఫోన్లోనే ఉంటాయి కాబట్టి బుక్కరాయసముద్రం దాటి పల్లెల్లోకి పోయినా ఆగదు, సాయంత్రం ఆఫీసుకొచ్చి కలుపుకోవడమే. ఫోన్ జీపీఎస్ మాత్రం తెరిపిన ఉన్నా నాలుగైదు మీటర్లు అటూఇటూ చూపిస్తుంది, పాత ఊరి సందుల్లో ఇంకా ఎక్కువ. ఎదురెదురుగా రెండు స్తంభాలుంటే ఇది అదై కూర్చుంటుంది. ఇది యాప్ తప్పు కాదు, మనం కొనే ఫోన్ల సంగతి. శాటిలైట్ బొమ్మ ముందే ఫోన్లో వేసుకుని, చుక్కని వేలితో జరిపి స్తంభం నీడ మొదట్లో పెట్టడం నేర్పిస్తే చాలు.

మ్యాపులు తెలిసినవాళ్లకి ఒక చిన్న హెచ్చరిక. మీటర్లలో లెక్కలకి యూటీఎం జోను (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టిన మ్యాపు పద్ధతిలో ఒక పట్టీ) ఎంచుకోమంటుంది. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్లు మారతాయి. అనంతపురం దానికి పడమర, 43వ జోను. కర్నూలు టౌను, కడప తూర్పున, 44వ జోను. తాడిపత్రి దాదాపు గీత మీదే కూర్చుంది! అనంతపురం నుంచి తాడిపత్రి దాకా ఒకే లైను వేసేవాళ్లు ఏదో ఒక జోను పట్టుకుని చివరిదాకా దాంట్లోనే ఉండండి, పొడవులో వచ్చే తేడా కేబుల్ వేలాడే దాంట్లో కలిసిపోతుంది. సగం ఫైలు ఒక జోన్లో, సగం ఇంకో జోన్లో పెట్టి లేబుళ్లు తారుమారు చేస్తే మాత్రం స్తంభాలు వందల కిలోమీటర్ల అవతల తేలతాయి.

ఇక డబ్బుల సంగతి. స్తంభం అద్దె చాలామంది ఎవరో లంచంలా అడుగుతున్నారనుకుంటారు, కాదు. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 51 ప్రకారం డిస్కం (మనకి కరెంటు పంచే కంపెనీ) తన ఆస్తుల్ని ఇలాంటి వేరే వ్యాపారానికి వాడుకోవచ్చు, విద్యుత్ నియంత్రణ మండలికి ముందు చెప్పాలి, వచ్చిన రాబడిలో కొంత భాగం వీలింగ్ ఛార్జీలు (దాని లైన్ల మీదుగా కరెంటు చేరవేసినందుకు తీసుకునేవి) తగ్గించడానికి పోవాలి. అంటే ఆఫీసులో ప్రతి స్తంభానికీ లెక్క ఉండి తీరాలి, మన దగ్గరా ఉండాలి. టెలికం లైన్లకి దారి ఇచ్చే కేంద్రం రైట్ ఆఫ్ వే నియమాలకి 2022 ఆగస్టులో చేసిన సవరణలో వీధి స్తంభాల మీదుగా కేబుల్ తీసుకుపోతే స్తంభానికి ఏడాదికి 100 రూపాయలనే లెక్క వచ్చింది. ఇప్పుడు 2023 టెలికం చట్టం కింద కొత్త నియమాలు 2025 జనవరి 1 నుంచి నడుస్తున్నాయి. ఇవన్నీ లైసెన్సుదారుల పేరు మీద నడిచేవి, మనం కట్టేది మన అగ్రిమెంట్లో ఏముంటే అది. ఏదైనా సరే, బిల్లు వచ్చినప్పుడు 'మీవి ఇన్ని స్తంభాలు' అంటే 'కాదు సార్, ఇన్నే, ఇదిగో జాబితా, ఇవిగో ఫోటోలు' అనగలగాలి. రోడ్డు వెడల్పులో పీకేసిన స్తంభానికి కూడా అద్దె కడుతున్నవాళ్లు నాకు తెలుసు. మేం స్తంభం తీసేసిన తేదీకి ఒక గడి పెట్టాక ఆ బాధ తప్పింది.

ఇప్పుడు ఆ తగ్గిన మార్కు. ఫోన్లో యాప్ తేలికే, గంటలో ఎవరికైనా వస్తుంది. దాని వెనక క్యూజీఐఎస్‌లో ప్రాజెక్టు తయారు చేయడం తేలిక కాదు. మాకు జేఎన్‌టీయూలో సివిల్ చదివిన ఒక పిల్లోడు దొరికాడు కాబట్టి సరిపోయింది. అలాంటి మనిషి లేకపోతే యూట్యూబ్ చూసి నేర్చుకోవాలి, అక్కడ తెలుగులో ఈ పనికి సరిపడే వీడియో నాకైతే కనపడలేదు. ఒక్కళ్లే వాడితే కేబుల్‌తో ఫోన్లోంచి కంప్యూటర్లోకి ఎక్కించుకోవడం సరిపోతుంది. ముగ్గురు నలుగురు ఒకేసారి తిరిగితే ఎవరి మార్పులు ఎవరివి అనే తలనొప్పి మొదలవుతుంది, అప్పుడు వాళ్లదే క్యూఫీల్డ్‌క్లౌడ్ ఉంది. కొద్దిగా వాడుకోడానికి ఫ్రీ, టీము పెరిగితే డబ్బులు. ఫోటోలు మాత్రం తొందరగా చోటు తినేస్తాయి, కెమెరా రిజల్యూషన్ తగ్గించి పెట్టుకోండి.

ఇంకోటి, గడువుల గురించి ఇది మీకు ఏమీ గుర్తు చేయదు. అద్దె తేదీ దగ్గరపడిందనో, ఫైలు పెట్టి నెల దాటిందనో మెసేజ్ రాదు. తేదీని బట్టి రంగు మారేలా పెట్టుకోవచ్చు, మేం అదే చేశాం, కానీ మ్యాపు తెరిస్తేనే కనపడుతుంది. దానికి మా అకౌంట్స్ చూసే మేడమ్ వేరేగా ఫోన్ క్యాలెండర్లో అలారాలు పెట్టుకుంది. ఆఫీసుకి ఇచ్చే డ్రాయింగు, స్తంభాల జాబితా క్యూజీఐఎస్ నుంచి పీడీఎఫ్‌గా బాగానే వస్తాయి, స్కేలు, ఉత్తర దిక్కు బాణం, ఫోటోల పేజీలతో సహా. ప్రింటు తీసి, సంతకాలు పెట్టించి, ఇన్‌వర్డులో (ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట) స్టాంపు వేయించుకోవడం మాత్రం మన కాళ్ల పనే.

ఎవరికి పనికొస్తుంది అంటే, రెండు మూడు వందల స్తంభాలు దాటినవాళ్లకి కచ్చితంగా. ఒకటి రెండు వీధుల ఆపరేటర్ అయితే ఫోన్లో ఫోటోలు, ఒక నోట్‌బుక్కు చాలు, దీని జోలికి పోకండి. మొదలుపెట్టేవాళ్లు పాత లైన్లన్నీ ఒకేసారి ఎక్కించాలని కూర్చోకుండా కొత్త అప్లికేషన్ ఒకదానితో మొదలుపెట్టండి, పాతవి రిపేరుకి ఎక్కినప్పుడు ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. స్తంభాల మీద నంబర్లు చాలాచోట్ల చెరిగిపోయి ఉంటాయి కాబట్టి మీ సొంత నంబరు ఒకటి పెట్టుకోండి, ఆఫీసు నంబరుకి పక్కన వేరే గడి వదలండి. మా ఫారం ఖాళీ ప్రాజెక్టు కావాలంటే కామెంట్లో అడగండి, పంపిస్తా, మా స్తంభాల డేటా మాత్రం అడగొద్దు.